లేసా, కొండపల్లి బొమ్మలా, కలంకారీనా... గ్రూపుగా కూర్చుని చెయ్యడానికి ఏది మేలు?

బెజవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం శనివారం మధ్యాహ్నాలు పది పన్నెండు మందిమి కూర్చుని ఏదో ఒక చేతిపని చేస్తున్నామని తెలిసిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, మేమూ మొదలుపెడతాం దేంతో మొదలెట్టమంటారు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

ఎక్కువమంది మనసు కలంకారీ మీదే ఉంటుంది. పెడనది అచ్చుల పని, శ్రీకాళహస్తిది కలంతో గీసేది, మేం ఆశపడింది రెండోదానికి. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపి అందులో తడిపి ఎండబెట్టాలి, పాలల్లో కొవ్వు ఉంటేనే రంగు పాకకుండా గీత నిలుస్తుందన్నమాట. నల్లరంగుకేమో తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళల్లో వేసి రోజుల తరబడి ఊరబెట్టాలి. వినడానికి బానే ఉంది, మే నెలలో టెర్రస్ మీద ఆ పాలగుడ్డలు ఆరేశాక తెలిసింది, వాసన, ఈగలు, పై ఫ్లోర్ వాళ్ళతో గొడవ, పైగా ఉతకడానికి పారే నీళ్ళు కావాలి, మాకేమో ట్యాంకర్ వస్తేగానీ గడవదు. చివరికి ఫ్యాబ్రిక్ పెయింట్ తెచ్చి గీసుకున్నాం. అది కలంకారీ డిజైనే గానీ కలంకారీ కాదు, ఒప్పుకోవాలి.

కొండపల్లి బొమ్మలంటే నాకు ప్రాణం. తెల్లపొణికి కర్ర చెక్కడం, చింతగింజల పొడి రంపప్పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతకడం మనవల్ల అయ్యే పని కాదు, అందుకని అక్కడికే వెళ్ళి రంగెయ్యని బొమ్మలు అడిగి తెచ్చుకున్నాం. ఆ శనివారం రెండు గంటలు ఒక్కరూ నోరు విప్పలేదండీ! కళ్ళూ మీసాలూ దిద్దాలంటే ఊపిరి బిగబట్టాలి మరి. ఈలోగా ఒకావిడ కుక్కర్ విజిల్ వినిపించి లేచి వెళ్ళొచ్చేసరికి బ్రష్ గట్టిపడిపోయింది.

నా లెక్కలో అసలు విషయం ఇదే. మనం వచ్చేది సగం పనికి, సగం కబుర్లకి. చేతులు ఆడుతుండగా నోరు ఖాళీగా ఉండాలి, స్కూల్ బస్సొస్తే ఎక్కడిదక్కడ వదిలేసి లేవాలి, తిరిగొచ్చి అక్కణ్ణుంచే అందుకోవాలి. అందుకే నా ఓటు లేసుకి, అంటే దారంతో అల్లే క్రోషే అల్లికకి.

నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు మిషనరీలు నేర్పిన కాలం నుంచీ తరాలుగా ఈ లేసు అల్లింది వర్క్‌షాపుల్లో కాదు, అరుగుల మీద, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, పక్కింటావిడతో మాట్లాడుతూ. మనక్కావాల్సిన పద్ధతిలోనే పుట్టి పెరిగిన పని అది. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం పనే అని చెప్పే ముద్ర కూడా వచ్చింది. ఒక కొక్కెం సూది, ఒక దారపుండ, చేతిసంచిలో పడిపోతాయి, తప్పుపోతే లాగేస్తే ఊడొస్తుంది, గుడ్డ మీద పడ్డ రంగు అలా ఊడదు కదా. అమ్ముకుందామని మాత్రం దిగకండి, గంటలు గంటలు అల్లిన ఆ ఊళ్ళ వాళ్ళకే చేతికొచ్చే డబ్బులు అంతంతమాత్రం. ఇంకో మాట, చత్వారం వచ్చినవాళ్ళుంటే సన్నదారం, నల్లదారం వద్దు, లావుపాటి లేతరంగు దారంతో గొలుసు అల్లిక నేర్పండి.

మగ్గం వర్క్ అడుగుతున్నారు, ఫ్రేమ్ వేస్తే హాలంతా అదే, నలుగురికి మించి పట్టరు. తాటాకు బుట్టలు బాగుంటాయి, బెజవాడలో వారం వారం తాటాకు ఎవరు తెచ్చిస్తారో చెప్పండి చాలు.

పిల్లలకి వేసవి సెలవులొచ్చినప్పుడు మాత్రం కొండపల్లి రంగులే పెట్టండి, వాళ్ళు కుక్కర్ విజిల్‌కి లేవరు. మా షోకేసులో ఎడ్లబండి తోలేవాడికి ఇప్పటికీ ఒక కన్నే ఉంది, రెండోది ఈ సంక్రాంతి కొలువులోపు పెడతానని ఆవిడ అంటూనే ఉంది.