కొమ్ము పురుగా, బ్లూ మార్మనా? పిల్లలకి ఏది చూపిస్తే మేలు?

వానలు పడ్డాక ఆదివారం పూట పిల్లల్ని విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవికి తీసుకెళ్తే అందరి కళ్ళూ సీతాకోకచిలుకల మీదే, అందులోనూ బ్లూ మార్మన్ కనబడిందంటే ఫోన్లన్నీ బయటికొచ్చేస్తాయి. తప్పులేదు లెండి, రెక్కలు చాపితే 12 నుంచి 15 సెంటీమీటర్లు, నల్లటి రెక్కల మీద లేత నీలం, ఎవరికి నచ్చదు? కానీ అది ఆగదే! నూరువరహాల పూల మీద వాలినా రెక్కలు ఆడిస్తూనే తేనె తాగుతుంది, మనం ఫోకస్ చేసేలోపు చెట్ల మీదుగా వెళ్ళిపోతుంది. మగవి తడి ఇసకలో ఉప్పు కోసం వాలినప్పుడే కాస్త తీరిగ్గా చూడ్డానికి దొరుకుతాయి.

కొమ్ము పురుగు, అదే ఇంగ్లీషులో రైనోసారస్ బీటిల్ అంటారే ఆ పెంకు పురుగు, అలా కాదు. భీమిలి వైపు కొబ్బరి తోటలున్న చోట రాత్రి లైటు వెలిగిస్తే అదే బుర్రుమంటూ వచ్చి గోడకి గుద్దుకుని వెల్లకిలా పడుద్ది. మహా అయితే 5 సెంటీమీటర్లు. దాన్ని చేతిమీద పెట్టుకోవచ్చు, కుట్టదు, కాకపోతే కాళ్ళకున్న ముళ్ళు చర్మాన్ని పట్టేస్తాయి కాబట్టి లాగెయ్యకుండా దానంతట అది నడిచి దిగేదాకా ఆగాలి. మగదానికి పెద్ద కొమ్ము వెనక్కి వంగి ఉంటుంది, ఆడదానికి చిన్నది, పైగా తోక వైపు ఎర్రటి నూగు. ఎగిరే ముందు పైనున్న గట్టి డొప్పలు రెండూ తెరిచి, అడుగున మడతపెట్టుకున్న పల్చటి రెక్కలు బయటికి లాగుతుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అదే సీతాకోకచిలుకని పట్టుకున్నామంటే రెక్కల మీది పొలుసులు వేళ్ళకి అంటుకొచ్చేస్తాయి, అవి మళ్ళీ మొలవవు. అందుకే చూపించడానికైతే నా ఓటు పురుగుకే.

పెరట్లో ఏది ఉండాలంటే మాత్రం కథ తిరగబడుద్ది. బ్లూ మార్మన్ గొంగళి దశలో నిమ్మ జాతి ఆకులు తింటుంది, రెక్కలొచ్చాక తేనెతోనే సరి. కొమ్ము పురుగు పిల్లగా ఉన్నప్పుడు పేడ గెత్తంలో, కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లో బుద్ధిగా బతికి, పెద్దయ్యాక కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతుంది, తర్వాత విచ్చుకునే మట్టలు కత్తెరేసినట్టు వస్తాయి. 1909లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి రబ్బరు మొక్కలతోపాటు సమోవా దీవులకి చేరి అక్కడి కొబ్బరి చెట్లనీ ఇలాగే పట్టుకుంది. పెరట్లో కొబ్బరి ఉంటే గెత్తం కుప్ప అప్పుడప్పుడు తిరగెయ్యండి, తెల్లగా లావుగా ముడుచుకుని ఉన్నవి కనబడితే ఏరెయ్యండి. నిమ్మ చెట్టు మీద గొంగళ్ళు నాలుగాకులు తింటే తిననివ్వండి.