ఆరేళ్లుగా తాడు, కప్పీతో మొద్దులు లాగుతున్నా: నా అనుభవం

చెట్టు కొట్టాక నేలలో వేర్లతో మిగిలిపోయే మొద్దులను ఇప్పటికి ముప్పైకి పైగా లాగాను. సామాను పెద్దగా ఏమీ లేదు: చేత్తో లివర్ ఆడించే రోప్ పుల్లర్, పాలిస్టర్ తాడు, పక్క పలక తెరుచుకునే కప్పీ, చెట్టుకు చుట్టే వెడల్పాటి పట్టీలు (స్లింగులు), వాటిని కలిపే U ఆకారపు ఇనుప కొక్కేలు (షాకిళ్లు).

మొదట నైలాన్ తాడు వాడాను, అది తప్పు. నైలాన్ బాగా సాగుతుంది, తెగితే సాగిన బలమంతా ఒక్కసారిగా వెనక్కి కొడుతుంది. ఒకసారి ముడి దగ్గర తెగి, చివరనున్న షాకిల్ నా పక్కనుంచి దూసుకెళ్లి గోడకు తగిలింది. ఆ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. పాలిస్టర్ అంతగా సాగదు. ముడి వేస్తే ఏ తాడు బలమైనా సగం దాకా పడిపోవచ్చు కాబట్టి చివర కన్ను (ముడి లేకుండా అల్లిన ఉచ్చు) ఉన్న తాడే కొనండి.

కప్పీ విషయంలో చాలామంది పొరబడతారు. కప్పీని మొద్దుకు కట్టి, తాడు అందులోంచి తిప్పి చివరను గట్టి చెట్టుకు కడితేనే మొద్దు మీద బలం దాదాపు రెట్టింపవుతుంది, కొంత రాపిడికి పోతుంది, పైగా అడుగు కదలాలంటే రెండడుగుల తాడు లాగాలి. అదే కప్పీని ఎదుటి చెట్టుకు కట్టి తాడును వెనక్కి తిప్పితే మొద్దుకు బలం ఏమీ పెరగదు, ఆ చెట్టు మీద మాత్రం రెట్టింపు పడుతుంది. ఎలా కట్టినా తాడులో 1 టన్ను ఉంటే కప్పీ, దాని షాకిల్, స్లింగ్ 2 టన్నులు మోయాలి. మీరు చూడాల్సింది వాటి మీద రాసిన పని బరువు (భద్రంగా మోయగలిగేది), తెగే బరువు కాదు. తాడు వంపు లోపల ఎవరినీ నిలబడనివ్వకండి, కప్పీ ఊడితే నేరుగా అటే వస్తుంది. తాడు మీద నేనెప్పుడూ బరువైన దుప్పటి వేస్తాను.

నిజానికి సగం పని గడ్డపారదే, ముందు మొద్దు చుట్టూ తవ్వి వేర్లు కోయాలి. లివర్ బిగుసుకుపోతే ఇంకా బలం పెట్టను, తాడు వదులు చేసి మిగిలిన వేరు వెతికి కోస్తాను. తాడు బిగిసి ఉండగా వేరు నరకొద్దు, బండి కట్టి కుదుపుతో అసలే లాగొద్దు. చెట్టు కొట్టేటప్పుడే నాలుగడుగుల మొద్దు వదిలితే తాడు పైన కట్టొచ్చు, చాలా తేలిగ్గా ఒరుగుతుంది.

ఇప్పుడున్నది మూడో తాడు, కప్పీ మొదటిదే. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చక్రం గాడిని వేలితో తడిమి చూస్తాను. రెండో తాడు పాడైంది అక్కడ లేచిన చిన్న గరుకు వల్లే.