ఫెట్ సిమ్యులేషన్లతో కరెంటు పాఠం

కొన్నేళ్లుగా పదో తరగతికి విద్యుత్ పాఠం ఫెట్ (PhET) అనే సైన్స్ సిమ్యులేషన్ల సంకలనంలోని సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్‌తోనే చెబుతున్నాను. తెర మీదే బ్యాటరీ, బల్బులు, వైర్లు కలిపి సర్క్యూట్ కట్టి చూడొచ్చు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఈ ఫెట్. బ్రౌజర్‌లో ఉచితం, లాగిన్ గొడవ లేదు. ఫైలు ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ పోయినా నడుస్తుంది. మా బడికి అది చాలా పెద్ద ఊరట.

రెండు బల్బులు శ్రేణిలో కలిపితే మొదటిది కరెంటు కొంత తినేస్తుందని, రెండోదానికి మిగిలిందే అందుతుందని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. బోర్డు మీద ఎంత చెప్పినా తలూపుతారు, పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. ఇందులో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బులు రెండు తగిలించి, కరెంటు కొలిచే అమ్మీటరును ముందు, మధ్యలో, చివర ఎక్కడ పెట్టినా 0.45 ఆంపియర్లే చూపిస్తుంది. ఎలక్ట్రాన్ల చుక్కలూ అంతటా ఒకే వేగంతో కదులుతుంటాయి. అయితే ముందుగా అంచనా రాయించాలి. రాయించకుండా చూపిస్తే, ‘మాకు ముందే తెలుసు సార్’ అనేస్తారు.

షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీద మంటలొస్తాయి. మొదటి పీరియడంతా దానికే పోతుంది, పోనివ్వండి.

అసలు చిక్కు వేరే ఉంది. మామూలుగా ఇందులో బ్యాటరీకి అంతర్నిరోధం, అంటే దాని లోపలే ఉండే నిరోధం, సున్నా. కాబట్టి సమాంతరంగా ఎన్ని బల్బులు కలిపినా ఒక్కటీ మసకబారదు. అదే ల్యాబ్‌లో టార్చి సెల్స్‌తో చేస్తే, బల్బులు పెరిగేకొద్దీ అన్నీ కాస్త డీలా పడతాయి. ‘కంప్యూటర్ అబద్ధం చెప్పిందా సార్?’ అని ఒకమ్మాయి అడిగింది. కిట్‌లోనే ‘ల్యాబ్’ అనే స్క్రీన్‌లో అంతర్నిరోధాన్ని పెంచే స్లైడర్ ఉంది. అది జరిపి చూపిస్తే తెర మీద బల్బులూ మసకబారాయి. అప్పటి నుంచి రెండూ పక్కపక్కనే పెట్టి చేయిస్తున్నాను. ఒట్టి సిమ్యులేషన్‌తో సరిపెడితే సెల్ అంటే ఎప్పటికీ తరగని, తగ్గని వోల్టేజీ అన్న భ్రమ మిగిలిపోతుంది.

దీన్ని ట్యూటర్ అనుకుని కొంటే, అదే, డౌన్‌లోడ్ చేస్తే నిరాశే. ఈ కిట్ ప్రశ్న అడగదు, తప్పు చెప్పదు. వర్క్‌షీట్ మనమే తయారు చేసుకోవాలి, దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. ఫోన్‌లో వైరు చివరలు కలపడం వేళ్లకు లొంగదు. ట్యాబ్ గానీ కంప్యూటర్ గానీ ఉంటేనే పిల్లల చేతికివ్వండి.