గ్రీన్ స్టఫ్ కొనాలా, పాలిమర్ క్లే కొనాలా?

28 మి.మీ. సైజులో ఒక ఓర్క్ (ఫాంటసీ కథల్లో వచ్చే రాక్షసజాతి) బొమ్మ మన చేత్తో చెయ్యాలంటే నా ఓటు గ్రీన్ స్టఫ్‌కే. అన్ని బొమ్మలకీ కాదు లెండి.

గ్రీన్ స్టఫ్ అంటే పసుపు, నీలం రంగుల్లో వచ్చే ఎపాక్సీ పుట్టీ. రెండూ సమానంగా తీసుకుని ఆకుపచ్చగా అయ్యేదాకా పిసికితే గంట, గంటన్నర పని చేసుకోవచ్చు, ఆ తర్వాత బిగుసుకుంటూ పోతుంది, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. టైమ్ అయిపోతోందన్న టెన్షన్ ఉంటుంది కానీ దాని బలం కూడా అక్కడే ఉంది: ముందు తీగ మీద ఒళ్లు చేసి ఆరనిచ్చి, మర్నాడు చొక్కా మడతలు, బెల్టు వేస్తుంటే వేలు తగిలినా కింద చేసింది చెదరదు. పసుపు కాస్త ఎక్కువ కలిపితే మెత్తగా ఉంటుంది, ముఖాలకు నాకు అదే ఇష్టం. పనిముట్టు తడి చేసుకోండి, లేకపోతే అంటుకుని ప్రాణం తీస్తుంది. ఆరాక కూడా కొంచెం రబ్బరులా వంగుతుంది కాబట్టి సన్నటి వేళ్లు తేలిగ్గా విరగవు, కాకపోతే గరుకు కాగితంతో రుద్దితే నునుపు రాదు.

సూపర్ స్కల్పీ లాంటి పాలిమర్ క్లే ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల దగ్గర కాల్చేదాకా మెత్తగానే ఉంటుంది, వారం తర్వాత ముక్కు మార్చుకోవచ్చు. డ్రాగన్లకీ పెద్ద రాక్షసులకీ ఇదే చవక. చిన్న బొమ్మకి కత్తి, విల్లు చేస్తే పుటుక్కున విరుగుతాయి.

రంగులకు రెండిటికీ యాక్రిలిక్ చాలు. క్లే మీద కొన్ని స్ప్రే ప్రైమర్లు (రంగుకి ముందు వేసే పూత) ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటాయి, బ్రష్‌తో వేసే యాక్రిలిక్ ప్రైమర్ వాడండి.