పాత డీజిల్ బండిలో కోనసీమ: ఉప్పుగాలి, పంటు, ఎర్త్ వైరు

పదేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీలో కోనసీమ తిరుగుదామనుకునే వాళ్లెవరైనా ముందు ఇంజిన్ గురించే అడుగుతారు. మా బండి ఇంజిన్ ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కిక్కురుమనలేదు. ఏడిపించిందంతా వైరింగే.

రాజమండ్రి నుంచి హైవే మీద జొన్నాడ వంతెన దాటి రావులపాలెం దిగొచ్చు. మేం మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా కాలువ గట్టు పట్టుకుని వెళ్లాం. ఆలస్యం అవుతుంది కానీ చూడ్డానికి ఈ దారే బాగుంటుంది, పైగా పాత బండికి మంచి పరీక్ష. నెమ్మదిగా పోతూ గతుకులో దిగినప్పుడు ముందు చక్రం దగ్గర 'టక్' మంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే సస్పెన్షన్‌లో స్టెబిలైజర్ లింకో, లోయర్ ఆర్మ్ బుష్షో (రబ్బరు ముక్క), బాల్ జాయింటో అరిగిందన్నమాట. బుష్షుకి తొందర లేదు, ఇంటికెళ్లాక మార్చుకోవచ్చు. బాల్ జాయింట్ ఊగుతుంటే మాత్రం అక్కడే ఆగాలి. మాది లింకు శబ్దమే. రావులపాలెంలో దొరికింది, పూతరేకులు తినేలోపు బిగించేశారు. హైవే మీద ఊరు కాబట్టి స్పేర్ పార్టులకి ఆ చుట్టుపక్కల అంతకన్నా వీలైన చోటు మాకు కనబడలేదు.

అంబాజీపేట వైపు కొబ్బరికాయల ట్రాక్టర్ల వెనక పాకుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపితే దిగింది, బండి వేగం అందుకున్నాక పూర్తిగా సర్దుకుంది. మెల్లగా వెళ్తేనే వేడెక్కుతోందంటే ఫ్యాన్ గాలి చాలడం లేదనో, రేడియేటర్ ముందు దుమ్ము పేరుకుందనో అనుకోవాలి. హైవే వేగంలో వేడెక్కితే అది వేరే కథ: కూలెంట్ తగ్గడం, రేడియేటర్ లోపల పూడుకుపోవడం, కూలెంట్‌ని వదిలే థర్మోస్టాట్ వాల్వు పాడవడం. మాకు నీళ్లు కొట్టి కడిగితే సగం సర్దుకుంది. మిగతా సగం ఫ్యాన్‌ని తిప్పే కప్లింగ్ నీరసం, అది ఊరెళ్లాక చూసుకునే పని. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి మాత్రం ఎవరూ పోకండి.

బస సంగతి. దిండిలో ఏటి ఒడ్డు రిసార్టులు, హౌస్‌బోట్లు బాగుంటాయి, పొద్దున్నే గోదావరి పాయ వశిష్ఠ మీద వెలుగు చూసి తీరాలి. కానీ మేం దిగిన చోట పార్కింగ్ అంతా కొబ్బరిచెట్ల కిందే. కాయ పడితే బానెట్టుకి సొట్ట ఖాయం. వాచ్‌మన్ "ఏం పడవండి, ఆయ్" అన్నాడు, అంటూనే తన సైకిల్ తీసి గోడ పక్కన పెట్టుకున్నాడు. పాత బండితో వచ్చేవాళ్లకి అమలాపురం లాడ్జీలే నయం. అందం తక్కువే గానీ పొద్దున బండి మొరాయిస్తే నడిచేంత దూరంలో ఎలక్ట్రీషియన్ ఉంటాడు. కుడివైపు వెనక అద్దం దిగకపోతే మోటార్ పోయిందనుకున్నాం. ఆయన తలుపు, బాడీ మధ్య రబ్బరు గొట్టం లాగి చూపించాడు. తలుపు తీసి వేసి తీసి వేసి లోపల వైరు తెగింది. ఆ వయసు బండ్లలో అద్దాలకైనా సెంట్రల్ లాకింగ్‌కైనా ముందు చూడాల్సింది అక్కడే.

అసలు తమాషా పంటు (బండ్లని ఏరు దాటించే బల్లకట్టు) మీద. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం, సంగమం చూసుకుని సఖినేటిపల్లి రేవులో బండి పంటెక్కించి నరసాపురం బయల్దేరాం. అవతలి ఒడ్డున సెల్ఫ్ కొడితే టకటకమని లైట్లు ఆరిపోయాయి. వెనక ఆటోల హారన్లు. బయల్దేరే ముందు మా ఊళ్లో ఒక పెద్ద గ్యారేజీవాళ్లు ఇదే జబ్బుకి బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ రెండూ మార్చాలని వేలల్లో లెక్క చెప్పారు. బావ దిగి తొయ్యబోయాడు. పక్కన వ్యాన్ డ్రైవరు ఆపి, జంపర్ వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ బ్లాకుకి తగిలించి "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు. ఒక్క దెబ్బకి స్టార్ట్!

నరసాపురంలో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే చార్జింగ్ 14 పైన. "బ్యాటరీ, డైనమో రెండూ బానే ఉన్నాయండి, ఎర్తే లేదండి" అంటూ ఇంజిన్ బ్లాకుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ వైరు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే అల్లిక పట్టీ, విప్పాడు. పైకి బాగానే ఉంది. కొస విరిస్తే లోపలంతా పచ్చటి పొడి. సెల్ఫ్‌కి వందల ఆంపియర్లు కావాలి, ఆ చిలుము అంత కరెంటు పోనివ్వదు. ఉప్పుగాలి ఆ పట్టీని ఒక్కరోజులో తినలేదు, ముందునుంచీ కుళ్లుతున్నదే. కొత్త పట్టీ, ఉప్పుకాగితంతో గీకుడు, పైన గ్రీజు, మొత్తం కలిపి ఐదొందలు కూడా కాలేదు. హెడ్‌లైట్ల మసక కూడా దాంతోనే పోయింది.

తిరుగు దారిలో చించినాడ వంతెన దాటి, అమలాపురం, ఎదుర్లంక మీదుగా యానాం వెళ్లాం. పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి డీజిల్ మన రేటుకన్నా తక్కువ, ట్యాంకు నింపేశాం. సీ ఫుడ్ కోసమైతే యానాంలో ఆగొచ్చు. బండి పనికైతే కాకినాడ దాకా లాగించడమే మేలు. మీరూ పాత బండితోనే వెళ్తుంటే డిక్కీలో మందపాటి జంపర్ వైర్లు, నాలుగు ఫ్యూజులు, ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి), ఉప్పుకాగితం ముక్క పెట్టుకోండి. పంటెక్కే ముందు ఒడ్డునే ఒకసారి ఇంజిన్ ఆపి, మళ్లీ సెల్ఫ్ కొట్టి చూసుకోండి.