ఫతే మైదాన్, గచ్చిబౌలి: హైదరాబాద్ నగరపు రెండు క్రీడా ప్రాంగణాలు

1687లో గోల్కొండ ముట్టడి సమయంలో మొఘల్ సేనలు విడిది చేసిన స్థలమే, ఔరంగజేబు విజయం తరువాత ఫతే మైదాన్‌గా పేరుపొంది, నిజాముల కాలంలో పోలో ఆటకు నెలవై, 1967లో లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియంగా మారింది. టెస్టు క్రికెట్‌లో భారతీయుడి తొలి ద్విశతకం ఇక్కడిదే. 1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. 1999లో అదే జట్టుపై వన్డేలో సచిన్ 186 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఇంతటి జ్ఞాపకాలున్న నేల నగరంలో మరొకటి లేదని నా నమ్మకం.

గచ్చిబౌలి చరిత్ర చిన్నది. దివంగత లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరిట అథ్లెటిక్స్ స్టేడియం ఉన్న ఈ ప్రాంగణం 2002 జాతీయ క్రీడల కోసం రూపొంది, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలకు వేదికైంది. ఇండోర్ స్టేడియంలో 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి.

ఈత కొలను, ఇండోర్ స్టేడియం రెండుచోట్లా ఉన్నాయి. అయితే నగరం నడిబొడ్డున, అసెంబ్లీ మెట్రో స్టేషన్‌కు చేరువలో ఉన్న పాత మైదానమే సామాన్య కుటుంబాల పిల్లలకు సులువుగా అందుతుంది. అంతర్జాతీయ స్థాయి అథ్లెటిక్స్, ఫుట్‌బాల్‌లకు మాత్రం, విశాలమైన ఆవరణ వల్ల, గచ్చిబౌలినే ఎంచుకోవాలి.