బోటు షెడ్డుకిస్తున్నారా? రసీదులో ఇంజను కూడా రాయించుకోండి, మాకు జరిగింది ఇదీ

వేట నిషేధం దగ్గరపడుతోంది, బోట్లు షెడ్లకిచ్చే రోజులొస్తున్నాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నా. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, అటు కొత్తపట్నం దాకా ఫైబర్ బోట్లున్న అన్నలు, ముఖ్యంగా అప్పు చేసి కొత్తగా బోటూ ఇంజనూ కొనుక్కున్న తమ్ముళ్లు దయచేసి చివరిదాకా చదవండి. పోయిన ఏడాది మేము ఒక ప్రైవేటు షెడ్డులో బోటు పెట్టాం. బోటు తిరిగొచ్చింది, ఇంజను సగమే వచ్చింది. కేసు నడుస్తోంది కాబట్టి షెడ్డు పేరు రాయడం లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మోటారు బోటు సముద్రంలోకి పోకూడదు, అందరికీ తెలిసిందే. మామూలుగా మా ఊళ్లో బోటు ఇసుక మీదికి లాగి, ఇంజను విప్పి ఇంటికి తెచ్చుకుంటాం. కానీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు ఒడ్డునున్న బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం కళ్లారా చూశాక నాయనకి ఇసుకలో వదిలెయ్యాలంటే భయం పట్టుకుంది. పైగా అమరం దగ్గర, అంటే బోటు వెనక భాగంలో, ఇంజను తగిలించే పలకలోకి నీళ్లు దిగుతున్నాయి, అడుగున ఫైబర్ కూడా రెండు చోట్ల లేచిపోయింది. ఆ షెడ్డువాళ్లు ఫైబర్ పని చేసి, ఇంజను సర్వీసు చేసి, రెండు నెలలూ బోటు వాళ్ల దగ్గరే ఉంచుకుంటామన్నారు. నెలకి 2,000 అద్దె, పనికి 11,000. అడ్వాన్సు 5,000 ఇచ్చాం.

ఆ రోజు ఇచ్చిన రసీదు ఇప్పుడు నా ముందే ఉంది. "ఫైబర్ బోటు 1, అడ్వాన్సు 5,000" అని రాసి సంతకం. అంతే. ఇంజను మాట లేదు, బ్యాటరీ మాట లేదు, జీపీఎస్ మాట లేదు. వెనక చిన్న అక్షరాల్లో "వస్తువుల బాధ్యత యజమానిదే" అని అచ్చు వేసుంది. నాయన కళ్లజోడు లేకుండా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, నేను పక్కనే ఉండి కూడా తిప్పి చూడలేదు.

ఇంజను 9.9 హార్స్‌పవర్‌ది, ఔట్‌బోర్డు. అంటే బోటు వెనక బయటివైపు తగిలించే రకం. దాన్ని విప్పి వాళ్ల స్టోరు గదిలో స్టాండు మీద పెట్టారు. నాయనే నీలం పట్టా కప్పి తాడు కట్టాడు. తాళం వాళ్లదే, తాళంచెవి వాళ్ల దగ్గరే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కేసు మొత్తం దీనిమీదే తిరుగుతోంది.

జూన్ 9న పోయాం. గది తలుపుకి తాళం అలాగే ఉంది. ఇంజను మీద పట్టా అలాగే ఉంది. నాయన దగ్గరికి పోయి తాడు పట్టుకుని ఆగిపోయాడు. "ఈ ముడి నాది కాదురా" అన్నాడు. నలభై ఏళ్లు వల ముళ్లు వేసిన చెయ్యి అది, చూడగానే తెలిసిపోయింది. పట్టా తీస్తే ఇంజను కింది సగం లేదు. గేరు బాక్సు, నీళ్లలో తిరిగే ఫ్యానుతో సహా పోయింది. పై మూత విప్పితే కార్బురేటర్ లేదు. గేరు బాక్సు బోల్టులు మాత్రం కింద ఒక న్యూస్‌పేపరు ముక్క మీద వరసగా పెట్టున్నాయి. అది చూశాక నాకు ఒళ్లు మండింది. చీకట్లో గోడ దూకి వచ్చినవాడు బోల్టులు వరసగా పెట్టడు. ఆ గేరు బాక్సు ఊడి రావాలంటే బయటి బోల్టులు విప్పితే చాలదు, గేరు మార్చే రాడ్డు కూడా విడదియ్యాలి, అదెక్కడుందో తెలిసినవాడే, తీరిగ్గా స్పానరు పట్టుకుని కూర్చుని తీసిన పని అది. బోటులో చూస్తే బ్యాటరీ, జీపీఎస్ కూడా లేవు.

షెడ్డు ఓనరు ముందు మంచిగానే మాట్లాడాడు. "అన్నా, నువ్వేం టెన్షన్ పడొద్దు, మా కుర్రోళ్లని అడుగుతా, వారంలో తేలుస్తా" అన్నాడు. మేము నమ్మాం. తొమ్మిది రోజులు పోలీసు స్టేషను గడప తొక్కలేదు, మేము చేసిన పెద్ద తప్పు అదే. ఆ తొమ్మిది రోజుల్లో వాళ్ల సీసీ కెమెరాలో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోయింది. తర్వాత ఆయన మాట మారింది. "మేం జాగా అద్దెకిచ్చాం అంతే, సామానుకి మాకేం సంబంధం, రసీదు వెనక చూసుకో" అన్నాడు. ఇంకోరోజు "అసలు ఇంజను పూర్తిగా ఇచ్చావని గ్యారంటీ ఏంది?" అని నాయన మొహం మీదే అడిగేశాడు. మా నాయన ఒకరి వల ముక్క కూడా తాకని మనిషి. ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు నేను నెల్లూరులో తెలిసిన లాయరుగారి దగ్గరికి పోయాను. ఆయన చెప్పినవి, నేను తర్వాత కూర్చుని చదువుకున్నవి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇవి ముందే తెలిసుంటే మా సగం బాధ తప్పేది.

మన వస్తువు పని కోసమో, దాచడం కోసమో ఇంకొకరి చేతికిచ్చి, పనయ్యాక తిరిగి ఇవ్వాలనుకుంటే దాన్ని చట్టంలో బెయిల్‌మెంట్ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షను నుంచి ఉంటుంది. తీసుకున్నవాడు, అలాంటి సొంత వస్తువుని ఒక మామూలు తెలివిగల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షను చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా పోతే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, అతను కట్టక్కర్లేదని 152 చెబుతుంది. అంటే దొంగతనం జరిగింది కాబట్టి షెడ్డువాడు కట్టి తీరాల్సిందే అని కాదు, జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది తేలాలి. మా విషయంలో తాళం పగలలేదు, తాళంచెవి స్టోరు గది పక్కనే మేకుకి వేలాడుతూ ఉండేది, దాని ఫొటో నా దగ్గరుంది. రాత్రి కాపలా మనిషి మే మొదటి వారంలోనే మానేశాడని అక్కడి పనివాళ్లే చెప్పారు.

"జాగా మాత్రమే అద్దెకిచ్చాం" అనే మాట ఎందుకు పట్టుకుంటారంటే, ఖాళీ జాగా చూపించి "నీ బోటు నువ్వే పెట్టుకో, నువ్వే తాళం వేసుకో, నువ్వే కాపలా కాసుకో" అంటే వస్తువు వాళ్ల చేతికిచ్చినట్టు కాదు, అప్పుడు వాళ్ల బాధ్యత చాలావరకు తగ్గిపోతుంది. వాళ్లే తీసుకుని, వాళ్ల గదిలో పెట్టి, వాళ్ల తాళం వేసుకుంటే కథ వేరు. కాబట్టి షెడ్డుకి పోగానే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, బోటు జరపాలంటే ఎవరు జరుపుతారో అడగండి, అడిగింది కాగితం మీద పెట్టించండి.

రసీదు వెనక "బాధ్యత యజమానిదే" అని ఉందని గుండె జారిపోవద్దు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పిచ్చింది. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో కారు తాళాలు పార్కింగు కుర్రాడికిస్తే కారు పోయింది, చీటీ మీద యజమాని రిస్కే అని రాసుంది. తన నిర్లక్ష్యానికి, తన మనుషుల నిర్లక్ష్యానికి ఆ రాత అడ్డం పెట్టుకుని హోటలు తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. వస్తువు అప్పగించాం, తిరిగి రాలేదు అని మనం చూపిస్తే, మేం జాగ్రత్తగానే ఉన్నామని నిరూపించుకోవాల్సింది వాళ్లే. మా లాయరుగారు దీన్నే పట్టుకున్నారు.

కానీ చూడండి, అప్పగించాం అని ముందు మనం చూపించాలి. మేము ఇరుక్కున్నది అక్కడే. "ఫైబర్ బోటు 1" అన్న రసీదుతో ఇంజను ఇచ్చామని ఎలా చూపిస్తావు? మా అదృష్టం కొద్దీ నా తమ్ముడు ఆ రోజు ఇంజను స్టాండు మీదికి ఎత్తేటప్పుడు సరదాకి ఫోనులో వీడియో తీశాడు, అందులో గేరు బాక్సు, ఫ్యాను, వెనక స్టోరు గది తలుపు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ నలభై సెకన్ల వీడియో లేకపోతే ఇవాళ మాకు కేసే లేదు. బ్యాటరీకి, జీపీఎస్‌కి అలాంటి ఆధారం లేదు, వాటి మీద ఆశ వదులుకున్నట్టే.

ఇంకొక విషయం, అందరూ మోసపోయేది ఇక్కడే. బోటు తీసుకునేటప్పుడు వాళ్లు రిజిస్టరు ముందు పెట్టి సంతకం పెట్టమంటారు. "అన్నీ సక్రమంగా అందినవి" అని అచ్చు గీత. నాయన పెన్ను పట్టుకుని పెట్టబోతున్నాడు, నేను చెయ్యి పట్టుకున్నా. ఆ గీత కొట్టేసి, "గేరు బాక్సు, ఫ్యాను, కార్బురేటర్, బ్యాటరీ, జీపీఎస్ అందలేదు" అని రాసి, తారీఖు వేసి, అప్పుడు సంతకం పెట్టించి, పేజీ ఫొటో తీసుకున్నా. ఓనరు గట్టిగా అరిచాడు. అరవనీ. మిగతా పని డబ్బు కట్టేదాకా బోటు ఇవ్వనన్నాడు, పని చేసినవాడికి కూలి డబ్బు కోసం వస్తువు ఆపే హక్కు 170వ సెక్షనులో ఉంది కాబట్టి గొడవ పడకుండా కట్టేశాం, కానీ రసీదు మీద "అభ్యంతరంతో కడుతున్నాం" అని రాయించాం.

పోలీసుల దగ్గర మొదట "ఇది మీరూ మీరూ తేల్చుకోవాల్సింది" అన్నారు. దొంగతనం దొంగతనమే, భారతీయ న్యాయ సంహిత 303 కింద వస్తుంది. స్టేషనులో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173 ప్రకారం ఎస్పీగారికి పోస్టులో రాసి పంపొచ్చు. మేము ఆ మాట అన్నాకే ఎఫ్‌ఐఆర్ అయింది, కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. బీమా ఉన్నవాళ్లు అదే రోజు కంపెనీకి చెప్పాలి. పాలసీ కూడా ఒకసారి చదవండి, కొన్నింటిలో ఔట్‌బోర్డు ఇంజను మామూలు బిగింపు కాకుండా విడిగా తాళం వేసుంటేనే దొంగతనానికి డబ్బిస్తామని ఉంటుంది. మాకు బీమా లేదు.

వినియోగదారుల కమిషన్‌కి పోవడానికి రెండేళ్ల గడువు. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మన జిల్లాలోనే వేసుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. వాళ్ల లాయరు "వేట వ్యాపారం, వీళ్లు వినియోగదారులే కాదు" అని వాదించాడు. సొంత కష్టంతో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వస్తువు కొని వాడుకునేవాళ్లు వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. మాది ఒకే బోటు, నాయన, తమ్ముడు, మా బాబాయి వేటకి పోతారు, అందుకని ధైర్యంగా ఉన్నాం. నాలుగైదు బోట్లు పెట్టి కూలీలతో నడిపేవాళ్లు మాత్రం ముందే లాయరుని అడిగి దిగండి.

కొత్త గేరు బాక్సు, కార్బురేటర్, మిగతావి కలిపి మాకు 90 వేలు దాటింది. జూన్ 15న ఊళ్లో బోట్లన్నీ వేటకి దిగితే మా బోటు ఒడ్డునే ఉంది, ఇరవై ఆరు రోజులు. సీజను మొదట్లో పడే చేప ఎంత విలువో మీకు నేను చెప్పక్కర్లేదు.

షెడ్డుకిచ్చే రోజు మీరు చేయాల్సింది ఒక పావుగంట పని. ఇంజను సీరియల్ నంబరు, బ్యాటరీ, జీపీఎస్, ఫ్యాను, ట్యాంకు, ప్రభుత్వం పెట్టిన, బోటు ఎక్కడుందో తెలియజేసే ట్రాన్స్‌పాండర్, అన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి వాళ్ల సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే ఆ షెడ్డు వద్దు, బోటు వెనక్కి లాక్కొచ్చెయ్యండి. వీలైతే ఇంజను అసలు ఇవ్వొద్దు, ఇంట్లో మంచం కిందైనా సరే. సీరియల్ నంబరు ఇంజను బిగింపు బ్రాకెట్ మీద ఉంటుంది, గేరు బాక్సు మీద ఉండదు. దొంగలు అదే ఎత్తుకుపోయేది అందుకే, ఎవరిదో పట్టుకోలేరు. మీరే పంచ్‌తో కనబడని చోట మీ గుర్తు కొట్టుకుని ఫొటో పెట్టుకోండి. నాయన ఇప్పుడు కొత్తదానికి మూడు చోట్ల కొట్టాడు.

సెకండ్ హ్యాండు గేరు బాక్సు కొనేవాళ్లకి కూడా ఒక మాట. బిల్లు లేకుండా సగం ధరకి వస్తే ఆగండి. దొంగ సొత్తని తెలిసో, అనుమానించాల్సిన కారణం ఉండో కొంటే న్యాయ సంహిత 317 కింద కొన్నవాడి మీద కూడా కేసవుతుంది.

మాది పోయిన గేరు బాక్సు గుర్తు చెబుతాను. ఫ్యాను కింద ఉండే రెక్క మూల ఒకసారి రాయికి తగిలి విరిగితే అల్యూమినియం వెల్డింగు చేయించాం, ఆ అతుకు బొటనవేలంత వెడల్పు, కాస్త ఎడమకి వంగి ఉంటుంది, దాని మీద బూడిద రంగు పెయింటు చేత్తో వేసింది. ఇక్కడి నుంచి ఒంగోలు దాకా ఏ మెకానిక్ దగ్గరైనా, ఏ పాత సామాను కొట్టులోనైనా అలాంటిది మీ కంటబడితే కొనొద్దు, ఫొటో తీసి కింద పెట్టండి అన్నా, నేను బండేసుకుని వస్తా.